ఐ7 సంగతి సరే, ఎఫ్8 నొక్కి చూశారా?

ప్రశ్న: నేను తెనాలిలో ఇంటి దగ్గరే అకౌంట్స్ పని చేస్తాను. పద్దెనిమిది షాపుల లెక్కలు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో రాయడం, జీఎస్టీ రిటర్నులు నా చేతి మీదే నడుస్తాయి. వాటితోపాటు రెండు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు కూడా ఉన్నాయి. నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. ఐ3, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. పొద్దున్నే ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా ఇంకా చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. విండోస్ 11 దీనికి రాదన్నారు. కొత్తది కొందామంటే ఇంట్లో తలా ఒక మాట. మా మేనల్లుడు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాడు, "గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో అత్తా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటాడు. మావారేమో పాతదానికే హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయిద్దామంటున్నారు. షాపతను "ఐ7 మేడమ్, ఆఫర్‌లో 52 వేలు" అని చీటీ రాసిచ్చాడు. దాని ఫొటో పంపుతున్నాను. నా బడ్జెట్ 60 వేలు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందు ఆ చీటీ చూద్దాం. "ఐ7-1165జీ7, 8 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ, 15.6, విండోస్ 11, 1 ఇయర్" అని రాసి, ఐ7 కింద రెండు గీతలు కొట్టాడు. ఆ గీతలు కొట్టాల్సింది దాని పక్కనున్న 11 కింద. అది పదకొండో తరం అని చెప్పే అంకె. ఇంటెల్ ఈ ప్రాసెసర్‌ని తెచ్చింది 2020లో. ఇందులో ఉన్నవి నాలుగు కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు. 2023లో వచ్చిన పదమూడో తరం ఐ5-1335యూలో పది ఉన్నాయి. పేరుకి ఇది ఐ5, అది ఐ7. 22 క్యారెట్ల బంగారం ఏ ఏడాది కొన్నా 22 క్యారెట్లే. ఐ7 అలా కాదు, ఏ సంవత్సరపు ఐ7 అన్నది అడగాలి. బియ్యమైతే పాతవే మేలు గానీ ఇక్కడ పాత సరుకుకి కొత్త ధర పెట్టడం దండగ.

అలాగని ఆ మిషన్ పనికిమాలినదనడం లేదు. మీ ట్యాలీకి, ఎక్సెల్‌కి అది బాగానే సరిపోతుంది. కానీ 52 వేలు పెట్టి దాన్ని, అందులోనూ 8 జీబీతో కొనడం ఎందుకు? షాపులో ఆ పెట్టె చూపిస్తే ఒక పక్క తయారైన నెలో దిగుమతైన నెలో సంవత్సరంతో సహా అచ్చు వేసి ఉంటుంది. అది చదవండి. మీ బేరానికి అదే మంచి ఆయుధం.

అదే షాపతను రేపు "పోనీ రైజెన్ తీసుకోండి" అనొచ్చు. రైజెన్ ప్రాసెసర్లు చేసే ఏఎండీ వాళ్లదీ ఇదే తిరకాసు, కాకపోతే దాచిన చోటు వేరు. ఏడు వేల వరసలో మూడో అంకె చూడాలి. రైజెన్ 5 7520యూ అంటే మూడో అంకె 2. పేరు కొత్తగా ఉన్నా లోపలి కోర్ల డిజైన్ 2019 నాటిది, కోర్లు నాలుగే, ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. 7530యూ అయితే మూడో అంకె 3, ఆరు కోర్లు. ఒక్క అంకె తేడా, కానీ రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. ఈ మధ్య ఇంటెల్ "ఐ" తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అంటోంది. వాటిలో ఏదైనా మీకు చాలు. అల్ట్రా కోసం అదనంగా పెట్టొద్దు. ఏఐ పీసీ అని స్టిక్కరుంటే దానికీ ఓ అయిదు వేలు ఎక్కువ ఇవ్వక్కర్లేదు. మీ పనిలో దానికి చోటు లేదు.

ప్రాసెసర్ గొడవ ఇంతటితో ఆపుతాను. ఎందుకంటే ఇప్పుడొస్తున్న ఏ మోస్తరు ప్రాసెసరైనా మీ పని చేస్తుంది. రోజుకి ఎనిమిది గంటలు మీ వేళ్లు ఆడేది కీబోర్డు మీద. దాని సంగతి చీటీలో ఒక్క ముక్క కూడా లేదు.

మీకు ట్యాలీలో ఎఫ్8 అంటే సేల్స్, ఎఫ్9 అంటే పర్చేజ్, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్. నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఎఫ్8 నొక్కితే ఓచర్ రాకపోవచ్చు. సౌండు తగ్గచ్చు, లేదా వెలుతురు పెరగచ్చు. పై వరస బటన్లకు కంపెనీలు ముందుగా ఆ పనులు అప్పజెప్పి పంపుతాయి. చాలా వాటిలో ఎఫ్‌ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే అసలు ఎఫ్ బటన్లు వెనక్కొస్తాయి. కొన్నిటిలో బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లి మార్చాలి. షాపులోనే మార్పించి చూసుకోండి. మా బంధువొకావిడ ఇది తెలియక వారం రోజులు రెండు చేతులతో ఎఫ్‌ఎన్, ఎఫ్8 కలిపి నొక్కుకుంటూ ఎంట్రీలు వేసింది, కంపెనీని తిట్టుకుంటూ.

తర్వాత కుడివైపు అంకెల బటన్లు. 14 అంగుళాల వాటిలో దాదాపుగా ఉండవు. తేలిగ్గా ఉంటుందని, సంచిలో పడుతుందని కొనేసి, తర్వాత పై వరసలో అంకెలు వెతుక్కునేవాళ్లని చూశాను. మీకు 15.6 గానీ 16 గానీ ఉండాలి. అందులోనూ అన్నీ ఒక్క రకం కాదు. కొన్నిటిలో అంకెల బటన్లు సన్నగా నొక్కేసినట్టుంటాయి. సున్నా బటన్ మామూలుగా రెండు బటన్ల వెడల్పుండాలి, దాన్ని ఒకటి చేసి పక్కన బాణం గుర్తు ఇరికిస్తారు. షాపులో ఎక్సెల్ తెరిపించి, మీ పాత బిల్లొకటి పక్కన పెట్టుకుని, బటన్ల వైపు చూడకుండా ఇరవై మొత్తాలు కొట్టండి. 1,18,450 కొట్టబోతే 1,18,45 దగ్గర వేలు బాణం మీద పడుతోందంటే ఆ మోడల్ వదిలేయండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి, 60 వేలు పెట్టేది మీరు. అక్కడే ఇంకోటి చూడండి. ఆఫ్ చేసే బటన్‌ని కొందరు డిలీట్ పక్కనే పెడుతున్నారు. సగం ఎంట్రీలో వేలు దాని మీద పడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మీ రెండు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల రిటర్నులు డిజిటల్ సంతకంతోనే దాఖలు చేయాలి, మిగతా షాపుల్లాగా ఓటీపీతో కుదరదు. ఆ సంతకం ఉండే టోకెన్ పెన్‌డ్రైవ్ లాంటిది, పాతకాలపు వెడల్పాటి యూఎస్‌బీ మూతి ఉన్నది. కొత్త సన్నటి ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి సన్న మూతి పోర్టులే ఉంటున్నాయి. వెడల్పువి కనీసం రెండుండాలి: ఒకటి టోకెన్‌కి, ఒకటి మౌస్‌కి. ప్రింటర్‌కీ ఇంకోటుంటే మరీ మంచిది.

ఇక్కడే ఇంకో గోతిని చూపించాలి. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి. బ్యాటరీ బ్రహ్మాండంగా వస్తుంది, పెద్దగా వేడెక్కవు, చూడముచ్చటగా ఉంటాయి. మామూలు ప్రోగ్రాములు వాటిలో ఎలాగో నడిచిపోతాయి, కానీ టోకెన్, పాత ప్రింటర్, స్కానర్ లాంటి వాటి డ్రైవర్లు ఆ ప్రాసెసర్ కోసమే విడిగా తయారై ఉండాలి. మీ టోకెన్ కంపెనీ ఆ పని చేయకపోతే సంతకం చేసేటప్పుడు టోకెన్ కనబడదంతే. మ్యాక్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ట్యాలీ విండోస్ మీద నడిచేది. మీరు ఇంటెల్, ఏఎండీ దాటి వెళ్లొద్దు. మేనల్లుడు ఎంత చెప్పినా సరే.

ర్యామ్ విషయంలో రెండేళ్ల కిందట అడిగి ఉంటే "8తో కొనండి, తర్వాత ఇంకో 8 వేయించుకుంటే చవక" అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనలేను. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు ఉన్న సరుకంతా ఎత్తుకుపోతుంటే మనకు మిగిలేదానికి రేటు పెరిగింది. కాబట్టి 16 జీబీతోనే కొనండి. జీఎస్టీ పోర్టల్ రెండు ట్యాబుల్లో, బ్యాంకు ఒకదాంట్లో, ట్యాలీ, పెద్ద ఎక్సెల్, వాట్సాప్ వెబ్‌లో షాపులవాళ్లు పంపే బిల్లుల ఫొటోలు... ఇవన్నీ ఒకేసారి తెరిచి కూర్చునే మీకు 8 మొదటి ఏడాదికే ఇరుకవుతుంది.

చీటీలో రాసింది నమ్మక్కర్లేదు, ఆ మిషన్‌నే అడగొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. కుడివైపు కింద చిన్న అక్షరాలతో స్లాట్లు రెండింటిలో ఒకటి వాడుకలో ఉంది అనో, ఎస్‌ఓడిమ్ (విడిగా తీసి పెట్టగల ర్యామ్ ముక్క) అనో ఉంటే తర్వాత పెంచుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించేశారని అర్థం. అది ఉన్నంతే ఉంటుంది. 16 అతికించి ఉంటే పర్వాలేదు, 8 అతికించి ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

స్క్రీన్ గురించి ఎక్కువ చెప్పను. పక్కనుంచి చూసినా అక్షరాలు వెలిసిపోకూడదు, అంటే ఐపీఎస్ ప్యానెల్. అద్దంలా మెరిసేది వద్దు, మీ కిటికీ అందులో కనబడుతూ ఉంటుంది. 1920, 1200 అని ఉన్న 16 అంగుళాలది దొరికితే 1080 దానికన్నా ఎక్సెల్‌లో అయిదారు వరసలు ఎక్కువ కనిపిస్తాయి. రోజంతా లెడ్జర్లు చూసేవాళ్లకి అయిదు వరసలు తక్కువేం కాదు.

ఇక మీ వాళ్ల సలహాల దగ్గరికి వద్దాం.

మేనల్లుడు చెప్పింది అతని వయసుకి సరైన సలహా. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకి పోతుంది, మీ ట్యాలీ దాని మొహం కూడా చూడదు. రెండుంపావు కిలోల పైన బరువు, ఇటుకంత ఛార్జరు, పని చేస్తుంటే ఫ్యాను రొద, ఛార్జింగ్ తీస్తే రెండు మూడు గంటల బ్యాటరీ. వేసవిలో తెనాలి కరెంటు సంగతి మీకు తెలుసు. పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నది కూడా వట్టి మాట. పదేళ్లలో ముందు పోయేది బ్యాటరీ, తర్వాత మడత బందులు. గ్రాఫిక్స్ కార్డు వాటిని ఆపదు.

ఆ డబ్బు మిగిలితే ఒక 22 అంగుళాల మానిటర్ కొనుక్కోండి. హెచ్‌డీఎంఐ తీగతో కలిపితే చాలు. 14వ తేదీన జీఎస్టీఆర్-2బీ (సరుకు అమ్మినవాళ్లు పోర్టల్‌లో ఎక్కించిన బిల్లుల జాబితా) రాగానే ఒక స్క్రీన్ మీద అది, రెండో దాని మీద మీ పర్చేజ్ రిజిస్టర్ పెట్టుకుని ఏ బిల్లు ఎక్కలేదో చూసుకుంటూ పోవచ్చు. ఇప్పుడు మీరు చేస్తున్నది ఆల్ట్, ట్యాబ్ నొక్కుతూ అటూ ఇటూ తిరగడమో, లేకపోతే ప్రింటు తీసి పెన్సిల్‌తో టిక్కులు పెట్టడమో అయ్యుంటుంది. ఐ5 నుంచి ఐ7కి వెళితే రోజులో మీకు పట్టుమని రెండు నిమిషాలు కలిసిరావు. రెండో స్క్రీన్ పెడితే నెలకో పూట కలిసొస్తుంది. నా లెక్క ఇది, కాదనేవాళ్లుంటారు.

మీవారి మాటలో సగం నిజముంది. ఆ పాతదానికి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే టీ పెట్టుకుని రావాల్సిన అవసరం ఉండదు, అంత తేడా వస్తుంది. కానీ 2017లో అమ్మిన ఐ3లు ఆరో తరం, ఏడో తరం. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అనుమతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పేరు నమోదు చేసుకున్న వాళ్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకే. ఇరవై మంది పాన్‌లు, బ్యాంకు లాగిన్లు ఉన్న మిషన్‌ని ఆ తర్వాత ఇంటర్నెట్ మీద పెట్టడం తాళం లేని బీరువా లాంటిది. అందుకని దాన్ని అసలు పనికి కాకుండా ఆపద్ధర్మానికి ఉంచుకోండి. మొదటి అవసరం కొత్తదే. పాతదానికి ఎస్‌ఎస్‌డీ వేయించాలా వద్దా అన్నది డబ్బు మిగిలితే ఆలోచించండి.

ఆపద్ధర్మం అన్నానుగా, వారంటీ గురించి కూడా చెప్పాలి. ఇది నా సొంత గోడు. 2019లో నేను ఒక పెద్ద కంపెనీది, మెరుపులా ఉన్నది, కొన్నాను. పద్నాలుగో నెలలో ఒక రోజు మూత తెరుస్తుంటే కుడి బందు దగ్గర "టక్" మంది. స్క్రీన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ విచ్చుకుని లోపలి తీగలు కనబడ్డాయి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే వారంటీ అయిపోయిందన్నారు, అయిపోకపోయినా బందులు విరగడం "ఫిజికల్ డ్యామేజ్" కిందికే వస్తుందన్నారు. ఆరున్నర వేలు, పన్నెండు రోజులు. నా పని ఆగినా ఎవరికీ ఫైన్ పడదు. మీ మిషన్ 18వ తేదీన అలా మొరాయిస్తే 20న పన్ను కట్టే రిటర్నులు, ఆ జీఎస్టీఆర్-3బీలు, ఎవరు వేస్తారు? పద్దెనిమిది మంది షాపులవాళ్లు మీ ఇంటి ముందే ఉంటారు.

అప్పటి నుంచి నేను మూత తెరవడం చూస్తాను. మధ్యలో ఒక్క వేలితో ఎత్తండి. కింద భాగం లేవకుండా మూత మెత్తగా లేవాలి. మూలలు పట్టుకుని కొద్దిగా వంచితే కిర్రుమనకూడదు. ఇంట్లో వాడకానికని అమ్మే వరసలు చూడ్డానికి బాగుంటాయి. ఆఫీసుల కోసం చేసేవి నల్లగా, మొద్దుగా ఉంటాయి, కానీ బందులు గట్టివి, విడిభాగాలు దొరుకుతాయి. లెనొవోలో థింక్‌బుక్ 16, థింక్‌ప్యాడ్ ఈ16, హెచ్‌పీలో ప్రోబుక్ 450, ఆసుస్‌లో ఎక్స్‌పర్ట్‌బుక్ అలాంటివి. డెల్ వాళ్లు 2025లో పాత పేర్లు చాలావరకు తీసేసి ఆఫీసు వాటికి డెల్ ప్రో అని పెట్టారు. వీటిలో పెద్దసైజు వాటికి అంకెల బటన్లుంటాయి, అయినా మీ వేళ్లతో పరీక్షించాకే. మామూలు షోరూముల్లో ఇవి బల్ల మీద కనబడవు, అడిగితే తెప్పిస్తారు. ధరలు వారానికోలా ఉన్నాయి కనుక ఏది 60 వేల లోపు దొరుకుతుందో ఇక్కణ్నుంచి చెప్పడం కష్టం. నాలుగైదు వేలు పైకెళ్లినా ఈ వరసలోనే కొనమంటాను, మానిటర్ ఇంకో నెల ఆగొచ్చు.

వారంటీ "ఆన్‌సైట్" అయ్యుండాలి, అంటే మనిషి మీ ఇంటికొచ్చి బాగుచేస్తాడు. "క్యారీ ఇన్" అంటే మీరే గుంటూరో విజయవాడో మోసుకెళ్లాలి. మీ పిన్‌కోడ్‌కి ఆన్‌సైట్ ఉందా అని కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి కనుక్కోండి, షాపతని తల ఊపు చాలదు. మూడేళ్లకి పొడిగించడం, పడినా నీళ్లు ఒలికినా చూసుకునే రక్షణ, ఈ రెండూ కంపెనీ దగ్గరే కొనండి, షాపువాళ్లు సొంతంగా అమ్మేది కాదు. బిల్లు చేతికి రాగానే సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. అరలో కూర్చున్న సరుకైతే మీరు కొనకముందే గడియారం తిరగడం మొదలైపోయి ఉండొచ్చు. బిల్లు పంపితే సరిచేస్తారు.

ఆ బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయించుకోండి, మీకు రిజిస్ట్రేషన్ ఉంటే. 59 వేల బిల్లులో తొమ్మిది వేలు పన్నే కదా. కంప్యూటర్ మీద 40 శాతం తరుగుదల, 180 రోజుల లెక్క... ఇవి మీకు నేను చెబితే హనుమంతుడి ముందు కుప్పిగంతులే.

షాపువాళ్లు "ఆఫీస్ లైఫ్‌టైమ్ ఫ్రీ" అంటారు. అది హోమ్ అండ్ స్టూడెంట్ అయితే సొంత వాడకానికే, వ్యాపారానికి లైసెన్స్ వర్తించదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని దాని కోసం ధర ఎక్కువ ఇవ్వకండి.

కొత్తది ఇంటికి తెచ్చాక పాతదాన్ని వెంటనే మూలన పడేయొద్దు. ముందు ట్యాలీ డేటా ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ వేరే చోటికి తీసుకోండి. సింగిల్ యూజర్ లైసెన్స్ అయితే పాతదాంట్లో సరెండర్ చేశాకే కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. పాతదాన్ని ముందే ఫార్మాట్ కొట్టించేసి తర్వాత కస్టమర్ కేర్ చుట్టూ తిరిగినవాళ్లు బోలెడుమంది. టోకెన్ డ్రైవరు, సంతకం సాఫ్ట్‌వేర్ వేసి, ఒక్కసారి పోర్టల్‌లో సంతకం పేజీ దాకా వెళ్లి టోకెన్ కనబడుతోందో లేదో చూసుకోండి.

ఇంకొక్కటి. కొత్త విండోస్‌లో డ్రైవ్ దానంతటదే లాక్ అయ్యేలా వస్తోంది. మంచిదే, మిషన్ పోయినా మీ క్లయింట్ల లెక్కలు దొంగ చేతికి చిక్కవు. కానీ ఏదైనా రిపేరు తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది లేకపోతే మీకూ తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉంటుంది. షాపతను తన మెయిల్‌తో సెటప్ చేసిస్తానంటే ఒప్పుకోకండి, మీ మెయిల్‌తోనే చేయించుకోండి. ఆ 48 అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఎప్పుడు కొనాలన్నది మీరు అడగలేదు గానీ అదీ ముఖ్యమే. దసరా, దీపావళి సేల్స్‌లో కార్డు డిస్కౌంట్లు బాగుంటాయి. మీ ఇప్పటి మిషన్ అందాకా లాగుతుందంటే ఆగండి, లేదంటే వద్దు. ఎప్పుడు కొన్నా నెలలో 21కీ నెలాఖరుకీ మధ్య కొనండి. 11వ తేదీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 నెత్తి మీదికొచ్చేలోపు కొత్త కీబోర్డు మీద చేయి అలవాటు పడాలి, టోకెన్ పనిచేయాలి, ప్రింటర్ కలవాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల గడువు దగ్గరపడే రోజుల్లో మాత్రం ఆ ఆలోచనే పెట్టుకోకండి. అవి అయ్యాకే షాపుకెళ్లండి, పాత బిల్లొకటీ మీ టోకెనూ సంచిలో వేసుకుని.